మంచు రోజుల్లో మాత్రమే

మా జిగులీ ఎండ కాస్తే పలుకుతుంది.
గ్యుమ్రీలో ఎండెప్పుడు కాస్తుందో ఎవడికి తెలుసు.
పొగమంచు దిగిన పొద్దున తాళం తిప్పితే
స్టార్టర్ తిరుగుతుంది, తిరిగి తిరిగి దగ్గుతుంది,
వెనక సీట్లో నలభై సీసాల పెరుగు
నాతో పాటే గడియారం చూస్తుంది.

పెరుగు గడియారం చూడదు లెండి.
నేనే చూస్తాను.

ఒక్కో అనుమానమే తీర్చుకుంటూ వచ్చాను.
లైట్లు తెల్లగా వెలుగుతున్నాయి, బ్యాటరీది తప్పు కాదు.
ప్లగ్గు విప్పితే తడి, గుప్పున పెట్రోలు వాసన,
పెట్రోలుదీ తప్పు కాదు.
అంటే నిప్పు పుట్టడం లేదు.
పుట్టినా, ఎక్కడో దారి తప్పుతోంది.

డిస్ట్రిబ్యూటర్ మూత తీశాను.
మాడిన పాయింట్లని గోళ్ళ ఆకురాయితో రుద్దాను.
మధ్య సందు మిల్లీమీటరులో సగానికి కాస్త తక్కువుండాలి,
కొలిచే రేకు నా దగ్గర లేదు.
సొరుగంతా వెతికితే దొరికింది
మాన్వెల్ కొడుకు పెళ్ళి శుభలేఖ.
మేము వెళ్ళని పెళ్ళి.
మందం అచ్చంగా సరిపోయింది.

మాన్వెల్ మా గోడకవతల ఉంటాడు.
భూకంపం తర్వాత మా రెండిళ్ళూ కలిసి ఎత్తిన గోడ
ఎవరి వైపు జానెడు జరిగిందన్న తగువులో
ఆరేళ్ళుగా మాటల్లేవు.

పాయింట్లు మెరిశాయి గానీ కారు కదల్లేదు.
మా నాన్న అనేవాడు,
వైర్ల జబ్బు పగలు దొరకదే సతెనిక్,
దీపమార్పి చూడాలి, అని.
కానీ కళ్ళు బానెట్ దగ్గరుంటే
తాళం తిప్పే చెయ్యి లోపలుండాలి.
నాకున్నది ఒక్క ఒళ్ళు.
మా ఆయన రష్యాలో రోడ్లు వేస్తున్నాడు,
నేల గడ్డకట్టాక గానీ రాడు.
అత్తని కూర్చోబెడితే హారన్ కొట్టింది.

గోడ మీద స్పానరుతో మూడుసార్లు కొట్టాను.

గలోషులేసుకుని, కోటు కింద పైజామాతో వచ్చాడు.
ఏమీ అడక్కుండా సీట్లో కూర్చున్నాడు.
గరాజు తలుపు మూశాను.
మంచు దిగినట్టు వైర్ల మీద నీళ్ళు చిలకరించాను.
టార్చి ఆర్పాను.
"తిప్పు" అన్నాను.
ఆరేళ్ళకి నానోట వచ్చిన మొదటి మాట అది.

అప్పుడు కనబడింది.
లావు వైరు పొడుగునా నీలం చీమలు,
మూత అంచున వెంట్రుకంత పగులు,
ఆ పగుల్లోంచి నిప్పంతా తడి పట్టుకుని
ఇంజను ఇనుములోకి దిగిపోతోంది,
టిక్కు టిక్కు టిక్కుమని,
ఎవరికీ పనికిరాకుండా.
చెయ్యి పెట్టలేదు.
పదేళ్ళ కింద పెట్టిన చెయ్యికి ఇంకా గుర్తుంది.

"ఆపు."
ఆపాడు. తనూ చూస్తానన్నాడు.
నేను లోపలికి మారి తాళం తిప్పాను.
చీకట్లో "ఓహో" అని మాత్రం వినబడింది,
చిన్నపిల్లాడు చేపని చూసినట్టు.

చక్రాల్లేని తన పాత జిగులీ నుంచి
మూత పీకి తెచ్చాడు, చొక్కా కొసతో తుడిచి ఇచ్చాడు.
వైర్లు ఒకటి రెండు మూడు నాలుగని తగిలించాను.
ఢామ్మంది సైలెన్సరు, వీధి కుక్కలన్నీ లేచాయి.
"ఒకటి, మూడు, నాలుగు, రెండు," అన్నాడు,
నవ్వాపుకోలేక గోడకి ఆనుకుని.
అదే గోడకి.

ఈసారి పలికింది.
తడి మూడ్చుకుంటూ, వణుక్కుంటూ, ఆగకుండా.

పోబోతూ మడ్‌గార్డు మీద శుభలేఖ చూశాడు.
కొడుకు పేరు మీద నా నల్లటి బొటనవేలు ముద్ర.
తీసి, రెండు వేళ్ళ మధ్య నలిపి చూసి,
మళ్ళీ అక్కడే పెట్టాడు.
"మంచి అట్ట," అన్నాడు.
"ఇంకో యాభై మిగిలాయి మా ఇంట్లో."